మొగిలి ఘాటులో అంబులెన్సు పవర్ పడిపోయింది: ఎమర్జెన్సీ బండ్లకు బీఎస్-6 పొగ రూల్స్ తీసెయ్యాల్నా, వద్దా?

స్టీరింగ్_చిత్తూరు
ప్రైవేటు ఐసీయూ అంబులెన్సు నడుపుతా. ఈ పనిలోకి వచ్చి పదకొండేండ్లు. పోయిన నెల జరిగింది చెప్తా, న్యాయం మీరే చెప్పండి.

చిత్తూరులో ఒక ఆసుపత్రి నుంచి బెంగళూరుకు రెఫర్ చేసినారు. తొమ్మిది రోజుల బిడ్డ. ఇంక్యుబేటరులో పెట్టినారు. పక్కన నర్సు, ఎదురుగా బిడ్డ నాయన. తల్లికి ఆపరేషనై ఆసుపత్రిలోనే ఉండాది. రాత్రి పదకొండున్నరకు బయల్దేరినాం. బంగారుపాళెం దాటేదాకా బండి బాణం మాదిరి పోయింది. ఘాటు మొదట్లో లారీ ఒకటి అడ్డం తిరిగి అంతా ఆగిపోయింది. ఆరేడు నిమిషాలు నిలబడినాం. దారి దొరికి కదిలిస్తే బండిలో జీవం లేదు. యాక్సిలరేటరు నేలకంటా తొక్కినా థర్డు గేరు లాగదు. సెకండుకొస్తే గానీ ఎక్కలేదు. చూస్తే పసుప్పచ్చ ఇంజను దీపం, దాని పక్కనే డెఫ్ దీపం. డెఫ్ అంటే పొగను శుభ్రం చేసేదానికి పోసే యూరియా నీళ్ళు. డెఫ్ ట్యాంకేమో ముక్కాలు భాగం ఉండాది.

సైరన్ మోగతా ఉండాది, మామిడికాయల లోడు లారీలు నన్ను దాటుకోని పోతా ఉండాయి. బిడ్డ నాయన "ఏమైందన్నా" అని రెండుసార్లు అడిగినాడు. మూడోసారి అడగలేదు. అద్దంలో చూస్తే ఇంక్యుబేటరు మీద అరచెయ్యి ఆనించుకోని కూర్చోనుండాడు. ఆ చెయ్యి ఇప్పటికీ కండ్లముందే ఉంది.

పలమనేరులో తెలిసిన డ్రైవరుకు ఫోన్ చేస్తే నిద్రలోంచి లేచి బండి తెచ్చినాడు. ఘాటు ఎక్కినాక రోడ్డు పక్కన, సెల్‌ఫోన్ లైటు వెలుగులో బిడ్డను, సిలిండరును మార్చినాం. నలభై నిమిషాలు పోయినాయి. బిడ్డ బతికింది.

నా ఇంజను చెడిపోలేదు. పొగను చూసుకునే కంప్యూటరు కావాలని పవర్ కోసేసింది. నేనడిగేది ఒకటే. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండి, ఈ మూటికి ఈ పొగ రూల్స్ ఏవీ ఉండకూడదు. పాత బీఎస్-3 బండి మాదిరి తొక్కితే పోవాల. ప్రాణం ముందా, పొగ ముందా?

కొర్లగుంట_కుర్రోడు
చదువుతా ఉంటే గుండె దడదడలాడిందన్నా. బిడ్డ బాగుంది, అంతే చాలు. నీ మాటే నా మాట. అంబులెన్సుకు టోలు లేదు, రెడ్ సిగ్నలు లేదు. పొగ రూలు మాత్రం ఎందుకు?

డీజిల్_మేస్త్రి
రెండు మాటలు అడగతా, కోపం చేసుకోవద్దు. ఆ దీపం ఆ రాత్రే వెలిగిందా, ముందునుంచే వెలుగుతా ఉండిందా? డెఫ్ సీలు బకెట్టా, లూజుగా పోయించిందా? ఇవి తెలిస్తే మిగతాది చెప్తా.

పీలేరు_పెద్దాయన
మేస్త్రీ, తొమ్మిది రోజుల బిడ్డ కత చెప్తే నువ్వు బకెట్ సీలు అడగతావా? స్టీరింగ్ అన్న చెప్పిందే కరెక్టు. మినహాయింపు ఇచ్చేయాల, పూర్తిగా.

డీజిల్_మేస్త్రి
పెద్దాయనా, బిడ్డ కోసమే అడగతా ఉండా. ఇంకో బిడ్డకు ఇట్ట కాకూడదంటే ఎందుకైందో తెలియాల గదా.

పుత్తూరు_కట్టు
మా ఊరికి తెచ్చుంటే బండికి కూడా ఒక కట్టు కట్టి పంపించేవాళ్ళు. ఎముకైనా యాక్సిలైనా మావోళ్ళకు ఒకటే 😀

నైట్‌డ్యూటీ_నర్సు
స్టీరింగ్ అన్నా, ఆ బండిలో నర్సు స్థానంలో నేను చాలాసార్లు కూర్చున్నాను. బండి ఆగిపోతే ఎలా ఉంటుందో తెలుసు. అయినా మీరడిగినదానికి నేను ఒప్పుకోను.

నేను పనిచేసేది తిరుపతిలో, క్యాజువాలిటీలో. మా పోర్టికోలో ఏ వేళ చూసినా మూడు నాలుగు అంబులెన్సులు ఇంజను ఆపకుండా నిలబడి ఉంటాయి. లోపల ఏసీ కావాలి, వెంటిలేటరుకు కరెంటు కావాలి, కొన్నిసార్లు డ్రైవరు ఆపడం మరచిపోతాడు. ఆ పొగ తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలికి వస్తుంది. తలుపుకు ఎదురుగా ఉన్న మొదటి రెండు బెడ్లు ఎవరికిస్తాం? ఆయాసంతో వచ్చినవాళ్ళకే, దగ్గరగా ఉంటాయి కాబట్టి. నెబ్యులైజరు మాస్కు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న ముసలామెను నేను చూశాను. కిటికీ పక్కన ఉతికిన దుప్పటి ఆరేస్తే సాయంత్రానికి మడతల్లో సన్నటి నల్ల గీతలు. వేలితో తుడిస్తే నూనె జిడ్డులా అంటుకుంటుంది.

వచ్చిన బండి పాతదో కొత్తదో తల తిప్పకుండా చెప్పగలను. పాతదైతే కళ్ళు మండుతాయి. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చి మొదటి వర్గంలో పెట్టింది. పొగాకు ఉన్న వర్గం అది. ఆసుపత్రి గుమ్మంలో రోజంతా నిలబడే బండికే మినహాయింపు ఇవ్వమంటారా?

కొర్లగుంట_కుర్రోడు
సిస్టర్ చెప్పింది చదివినాక నా మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తా ఉంది. ఒక గంట ఆగి ఆలోచిస్తా.

డల్లాస్_బావ
మాది చంద్రగిరి, ఉండేది అమెరికాలో. ఇక్కడ 2012లోనే ఎమర్జెన్సీ బండ్లకు ఎమిషన్ రూల్స్ తీసేశారు. ఫైరింజన్లు, అంబులెన్సులు అన్నిటికీ. మనవాళ్ళు కూడా అదే చేస్తే సరిపోతుంది.

పాకాల_ప్లీడరు
డల్లాస్ బావా, అది సగమే నిజం. తీసేయలేదు. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు మూసుకుపోయి ఫైరింజన్లు, అంబులెన్సులు మధ్యలో పవర్ కోల్పోతున్నాయని ఫిర్యాదులొచ్చాక, 2012 జూన్‌లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక సవరణ తెచ్చింది. ఎమర్జెన్సీ బండ్లకు మాత్రం పవర్ తగ్గకుండా ఉండేలా కంపెనీలు ఇంజను సాఫ్ట్‌వేరు మార్చుకోవచ్చు, ముందు అనుమతి తీసుకోవాలి. ఫిల్టరు బండిలోనే ఉంటుంది, పనిచేస్తూనే ఉంటుంది. "పొగ వదులుకో" అని కాదు, "ప్రాణం మీదికి వచ్చినప్పుడు బండిని ఆపకు" అని. సిస్టర్ చెప్పిన క్యాన్సర్ ప్రకటన వచ్చింది కూడా ఆ జూన్ నెలలోనే.

యూరప్‌లోనూ ఇదే దారి. అక్కడి యూరో-6 పొగ రూల్స్‌లో డెఫ్ లోపాలకు పవర్ కోత పెట్టే నిబంధన రెస్క్యూ బండ్లకు, ఫైరింజన్లకు, సైన్యానికి, పోలీసులకు వర్తించదని రాసే ఉంది. పొగ హద్దులు మాత్రం యథాతథం.

డల్లాస్_బావ
సరే, సగం వెనక్కి తీసుకుంటా. కానీ ఇక్కడ మామూలు ట్రక్కులకు పెట్టిన శిక్ష చూశారా? 2025లో సడలించమని ఈపీఏ చెప్పేదాకా, డెఫ్ అయిపోతే చివరికి గంటకు 5 మైళ్ళే. అంటే 8 కిలోమీటర్లు. అలిపిరి మెట్లెక్కే వాళ్ళు కూడా దాటిపోతారు.

పుత్తూరు_కట్టు
మోకాళ్ళ పర్వతం కాడ మాత్రం దాటలేరు బావా. ఆడ అందరూ సమానమే.

స్టీరింగ్_చిత్తూరు
మేస్త్రి అడిగినదానికి జవాబు. నిన్న పగటి డ్రైవరును కూర్చోబెట్టి అడిగినా. ఆ దీపం అప్పటికి మూడు రోజులనుంచి వెలుగుతా ఉండిందంట. ఓనరుకు చెప్పినాడంట. సర్వీసుకు ఇచ్చినప్పుడు చూద్దాంలే అన్నాడంట ఆయన. నాకు బండి అప్పజెప్పేటప్పుడు ఆ మాట చెప్పలేదు. నేనూ దీపాన్ని చూసినా, ఎప్పుడూ ఉండేదే అనుకోని పోనిచ్చినా. ఇది నా తప్పు, దాచుకునేది లేదు.

డెఫ్ లూజే. ఎవరో క్యాన్లలో తెచ్చి సగం ధరకు ఇస్తా ఉన్నారంట. నిన్న మూత తీసి చూసినా. అంచు చుట్టూ తెల్లగా గడ్డకట్టి ఉండాది, కల్లుప్పు మాదిరి. గోటితో గీకితే పొడి రాలింది. వాసన చూస్తే అమ్మోనియా ఘాటుతో పాటు ఇంకేదో చేదు వాసన.

డీజిల్_మేస్త్రి
ఆ చేదు వాసన వేపనూనెది. ఇప్పుడు చెప్తా వినండి, కొంచెం పొడుగు.

డెఫ్ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది అయాన్లు తీసేసిన నీళ్ళు. పొగ గొట్టంలో దీన్ని చల్లితే వేడికి అమ్మోనియా అవుతాది. అది ఎస్‌సీఆర్ అనే క్యాటలిస్టులో నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరిగా మారుస్తాది. దీనికి వాడే యూరియా వేరు, పొలానికి వేసే యూరియా వేరు. 2015 నుంచి మన దేశంలో ఎరువు యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. దాన్ని తెచ్చి బోరు నీళ్ళలో కలిపి క్యాన్లకు నింపి అమ్మేవాళ్ళు ఉన్నారు. రైతు సబ్సిడీ యూరియాను ఇట్ట మళ్ళించడమే నేరం. దానికితోడు ఆ వేపనూనె, బోరు నీళ్ళ ఉప్పులు కలిసి ఇంజెక్టరు బొక్క పూడ్చేస్తాయి, క్యాటలిస్టును చంపేస్తాయి. నా షెడ్డుకొచ్చే బీఎస్-6 బండ్లలో సగం బాధ ఈ లూజు డెఫ్‌దే.

ఇంకోటి. డెఫ్‌కు ఎండ పడదు. 25 డిగ్రీల్లో పెడితే ఏడాదిన్నర ఉంటాది, 35 డిగ్రీల్లో ఆరు నెలలే. మన తిరుపతి మే నెలలో షెడ్డు రేకుల కింద పెట్టిన బకెట్ ఎంతకాలం ఉంటాదో మీరే లెక్కేసుకోండి. నేను బియ్యం బస్తాల పక్కన, ఇంట్లో పెట్టుకుంటా. మా ఇంటామె దినామూ తిడతాది.

ఇప్పుడు పవర్ కోత. స్టీరింగ్ అన్న బండి మాదిరి బరువు బండ్లలో మన బీఎస్-6 నడిచేది యూరో-6 బాటలోనే. ఆడ డెఫ్ నాణ్యత బాగలేదని సెన్సరు పట్టుకుంటే మొదట దీపం. ఇంజను పది గంటలు తిరిగేదాకా బాగు చెయ్యకుంటే టార్కు 25 శాతం కోత. ఇరవై గంటలకు గంటకు 20 కిలోమీటర్ల పాకుడు. బండి పరుగులో ఉండగా ఒక్కసారిగా కొయ్యదు. ఒకసారి నిలబడినాక కోస్తాది. ఘాటు మొదట్లో అన్న ఆరేడు నిమిషాలు నిలబడినాడు సూడండి, ఆడ పడింది కత్తి.

అంటే రూలు ముందుగానే మూడు రోజులు చెప్పింది. ఎవరూ వినలేదు.

పీలేరు_పెద్దాయన
వినలేదు సరే. తప్పు ఓనరుది. శిక్ష బిడ్డకా? నా ప్రశ్న అదే, ఇంకా ఆడనే ఉండాది.

డీజిల్_మేస్త్రి
ఆ ప్రశ్న మాత్రం న్యాయమైందే పెద్దాయనా. నా కాడ దానికి అడ్డు మాట లేదు.

నైట్‌డ్యూటీ_నర్సు
నాకూ లేదు.

101_రిటైర్డ్
ముప్పై ఏండ్లకు పైగా ఫైరు సర్వీసులో చేసినా. అందరూ అంబులెన్సు గురించే మాట్లాడతా ఉండారు, మా ఎర్రబండి సంగతి కూడా చెప్పాల.

మా బండి పరిగెత్తేది తక్కువ, నిలబడేది ఎక్కువ. స్టేషన్లో దినామూ పొద్దున స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచి ఆపుతాం. కాల్ వస్తే నాలుగైదు కిలోమీటర్లు పరుగు. ఆడికి పోయినాక గేరుబాక్సు నుంచి పంపుకు పవర్ మార్చి గంటల తరబడి నిలబెట్టి నీళ్ళు కొడతాం. గడ్డివాము అంటుకుంటే నాలుగ్గంటలు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌను అయితే తెల్లారిపోతాది. మసి పట్టే ఫిల్టరు ఉందే, డీపీఎఫ్, దానికి ఈ బతుకు సరిపడదు. దూరం పరిగెత్తి వేడెక్కితే అందులో మసి దానంతటదే కాలిపోతాది. నిలబడి తిరిగే బండిలో నిండిపోతాది. నిండితే బండి తనే డీజిల్ ఎక్కువ పోసి లోపల 550, 600 డిగ్రీలు చేసి కాల్చాల్సిందే. రీజనరేషన్ అంటారు.

ఇప్పుడు ఆ 600 డిగ్రీల గొట్టాన్ని శేషాచలం అడవి అంచున, నడుం ఎత్తు ఎండిన బోదగడ్డిలో నిలబెట్టండి. మంటలు ఆర్పడానికి పోయినోళ్ళం మనమే అంటిస్తాం. 2014 మార్చిలో కొండమీద అడవి కాలినప్పుడు వైమానికదళం హెలికాప్టర్లు రప్పించినారు, మీకందరికీ గుర్తుండే ఉంటాది. అప్పుడు మావి పాత బండ్లు, ఈ బాధ లేదు. రేపు మళ్ళా అట్టాటిది వస్తే? రీజనరేషన్ ఇప్పుడొద్దు అని ఆపే స్విచ్చి ఒకటి డ్రైవరు చేతికందే కాడ ఉండాల. స్టేషన్లో తీరికగా మనమే కాల్చుకునే స్విచ్చి ఇంకోటి ఉండాల. కొన్ని బండ్లకు ఉండాయి, కొన్నిటికి లేవు. ఉన్న బండిలో కూడా అది దేనికో మా పిల్లోళ్ళకు ఎవరూ నేర్పలేదు.

అట్లని పాత బండే కావాలని నేననను. పంపు ఆపరేటరు నిలబడేది పొగ గొట్టానికి నాలుగడుగుల దూరంలో. నాతో పని చేసినోళ్ళలో ఇద్దరికి ఊపిరితిత్తులు పోయినాయి. మంటల పొగ వల్లనో మా బండి పొగ వల్లనో ఎవరు చెప్పాల? నాకు ఇప్పటికీ తెల్లారి దగ్గు.

శేషాచలం_నడక
101 గారు, గడ్డిలో వేడి గొట్టం సంగతి ఎప్పుడూ తట్టలేదు. మామండూరు వైపు అడవిలోకి జీపులు పోతుంటాయి. ఇకమీద ఎక్కడ ఆపారో చూస్తాను.

అసలు డీజిలే ఎందుకు? 2022 నుంచి తిరుమల ఘాటులో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కి దిగుతున్నాయి కదా. అంత బరువు బస్సు ఎక్కగా లేనిది అంబులెన్సు ఎక్కలేదా?

స్టీరింగ్_చిత్తూరు
కొండకు బాగుంటాది తమ్ముడా. పైన అశ్విని ఆసుపత్రి నుంచి కింద స్విమ్స్‌కు తెచ్చే బండికి బాగా సరిపోతాది, పోర్టికోలో పొగ కూడా ఉండదు. కానీ నాది చిత్తూరు నుంచి బెంగళూరు, దగ్గర దగ్గర 180 కిలోమీటర్లు. ఘాటు ఎక్కాల, లోపల వెంటిలేటరు, ఇంక్యుబేటరు, ఏసీ అన్నీ అదే బ్యాటరీ మీద. ఆడ దించినాక తిరుక్కోని వచ్చేలోపల ఇంకో కేసు. ఛార్జింగు కాడ గంట నిలబడతానని పేషెంటు నాయనకు ఎట్ట చెప్పేది?

కొర్లగుంట_కుర్రోడు
అలిపిరిలో టీ తాగుతా ఆలోచించినా. పోర్టికోలో నిలబడే బండికి ఎలక్ట్రిక్, ఊరూరా తిరిగే బండికి డీజిలు. అన్నిటికీ ఒకే మందు పనిచెయ్యదు.

పీలేరు_పెద్దాయన
మీరంతా చుట్టూ తిరగతా ఉండారు. నేను సూటిగా అడగతా. సాఫ్ట్‌వేరు మార్చి పవర్ కొయ్యకుండా చేస్తే రేపు ఏ ఓనరైనా డెఫ్ పోస్తాడా? పొయ్యడు. బండి ఎట్టాగూ పోతాది గదా. అప్పుడు ఆ యంత్రం అంతా బండికి దిష్టిబొమ్మే. అంతకంటే మొదట్నే లేకుండా పాత ఇంజను ఇస్తే బండి ధరన్నా తగ్గుతాది.

డీజిల్_మేస్త్రి
పెద్దాయన మొదటి మాట నిజం. నా భయమూ అదే. రెండో మాట జరగదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6. కంపెనీలు పాత ఇంజన్ల లైన్లు మార్చేసినాయి. ఏడాదికి కొన్ని వేల అంబులెన్సుల కోసం పాత ఇంజను ఎవరూ మళ్ళా తయారు చెయ్యరు. చేసినా పార్టులు దొరకవు, ఇంకా ఖరీదవుతాది.

మొదటి మాటకు నా మందు: పవర్ కొయ్యొద్దు, మొత్తుకోని చెప్పు. దీపం, బజరు, ఓనరు ఫోనుకు మెసేజి. పేషెంటు దిగినాక, బండి ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం కొయ్యి. బాగు చేసేదాకా కొత్త కేసు ఎత్తుకోకూడదు. శిక్ష ఓనరు సంపాదన మీద పడాల, స్ట్రెచరు మీద పడకూడదు.

పాకాల_ప్లీడరు
దీనికి చట్టంలో చోటు ఉంది. మోటారు వాహనాల చట్టం అంబులెన్సు, ఫైరింజన్లను ఇప్పటికే వేరుగా చూస్తుంది. 66వ సెక్షను ప్రకారం వాటికి పర్మిట్ అక్కరలేదు. దారి ఇవ్వనివాళ్ళకు 194ఈ కింద ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం వాటికీ కావాలి. చట్టసభ బుద్ధిగానే ఆలోచించింది. దారిలో అడ్డంకులు తీసింది, ఊపిరి సంగతిలో తియ్యలేదు. పవర్ కోతను దారిలో అడ్డంకిగా చూడాలి. కేంద్ర రవాణా శాఖకు ఈ మాటే రాయాలి.

మినహాయింపు అనే మాట వాడితే మాత్రం జాగ్రత్త. మన జిల్లాలో అంబులెన్సులో ఎర్రచందనం దుంగలు దొరికిన వార్తలు మనం చదివినవే. పూర్తి మినహాయింపు ఇస్తే రేపు ప్రతి పాత వ్యానుకూ పైన ఒక నీలం లైటు మొలుస్తుంది.

101_రిటైర్డ్
ప్లీడరు గారూ, 15 ఏండ్ల రూలు కూడా చెప్పండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించేది లేదన్నారు. దేశ రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక బండ్లకు మినహాయింపు ఉందంట. ఫైరింజను పేరు అందులో రాయలేదు. నేను దిగిపోయేనాటికి మా స్టేషను బండి నలభై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ట్యాంకు, పంపు కొత్తవాటి మాదిరే ఉండేవి. దాన్ని తుక్కుకు పంపాలంటే కడుపు తరుక్కుపోతాది. ఆ ఇంజను ఒక్కటీ మార్చి పెట్టుకునే దారి ఉంటే ఎంత బాగుండు.

పాకాల_ప్లీడరు
ఉద్దేశం కొత్త శుభ్రమైన బండ్లు రావాలని. కొత్తది రాకముందే పాతది పోతే మాత్రం మీ బాధే నిజమవుతుంది.

వార్తల_పురుగు
2021 నవంబరులో దక్షిణ కొరియాలో ఏమైందో ఎవరూ చెప్పలేదు. చైనా యూరియా ఎగుమతులు బిగించేసరికి అక్కడ డెఫ్ దొరకలేదు. ఆస్ట్రేలియా నుంచి సైనిక విమానంలో తెచ్చుకున్నారు. అంబులెన్సులు, ఫైరింజన్లు ఆగిపోతాయేమోనని మామూలు జనం తమ దగ్గరున్న డెఫ్ డబ్బాలు రాత్రిపూట పేరు చెప్పకుండా ఫైరు స్టేషన్ల ముందు పెట్టి వెళ్ళారు. తమ బండి ఆగినా పరవాలేదు అనుకున్నారు.

పీలేరు పెద్దాయన భయపడుతున్నట్టు ఓనరు బద్ధకం వల్లే కాదు, ఏ తప్పూ లేకుండా కూడా డెఫ్ దొరకని రోజు రావచ్చు. ఆ రోజుకైనా పవర్ కోత లేని ఏర్పాటు ఉండాలి.

నైట్‌డ్యూటీ_నర్సు
ఫైరు స్టేషను ముందు డబ్బాల సంగతి చదివి కళ్ళు చెమర్చాయి.

కొర్లగుంట_కుర్రోడు
మనోళ్ళూ పెడతారు సిస్టర్. కోవిడ్ అప్పుడు మా వీధిలో ఆక్సిజన్ సిలిండర్లు చేతులు మారింది నేను చూసినా.

పీలేరు_పెద్దాయన
సరే. పూర్తి మినహాయింపు అన్న మాట నేను వదిలేస్తా. నర్సమ్మ చెప్పిన ముసలామె మా అక్క మాదిరే అనిపించింది. మా అక్కకూ ఆయాసమే. కానీ ఒక షరతు. మీరు రాసే కాగితంలో "పేషెంటు లోపల ఉన్నప్పుడు ఏ కారణానికీ పవర్ తగ్గరాదు" అన్న మాట మొదటి లైనులో ఉండాల. నాలుగో పేజీలో కాదు.

స్టీరింగ్_చిత్తూరు
పెద్దాయనా, మొదటి లైనే అది. ప్లీడరు గారు సాయం చేస్తానంటే రాసుకుందాం. నేననుకునేవి ఇవి. పేషెంటు ఉండగా కోత వద్దు. ఖాళీ బండికి కోత ఉంచండి. మా ఓనరు మాదిరోళ్ళకు అది కావాల. అంబులెన్సులకు సీలు డెఫ్ మాత్రమే, బిల్లు బండిలో ఉండాల. డ్యూటీ మారేటప్పుడు దీపాలు ఏవేవి వెలుగుతా ఉండాయో పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాల. పోర్టికోలో కరెంటు ప్లగ్గు ఒకటి ఉంటే ఇంజను ఆపేసి ఇంక్యుబేటరు దానికి తగిలించుకుంటాం, సిస్టర్ బాధా తీరతాది.

నైట్‌డ్యూటీ_నర్సు
పోర్టికోలో ప్లగ్గు! ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. రేపే మా సూపరింటెండెంటు గారిని అడుగుతాను. గోడకు అవతలే జనరేటర్ లైను ఉంది, పది అడుగుల వైరు చాలు.

డీజిల్_మేస్త్రి
సీలు బకెట్ అంటే ఐఎస్ఓ 22241 ముద్ర, తయారైన తేదీ రెండూ చూడమని రాయండి. ముద్ర ఉన్నా తేదీ పాతదైతే వద్దు. స్టీరింగ్ అన్నా, నీ బండి ఆదివారం షెడ్డుకు తీసుకురా. ట్యాంకు కడిగి ఇంజెక్టరు తీసి చూస్తా. కూలి ఏమీ వద్దు.

101_రిటైర్డ్
రీజనరేషన్ ఆపే స్విచ్చి మరచిపోవద్దండి. అడవి కాడ పనిచేసే బండ్లకన్నా.

పాకాల_ప్లీడరు
చేరుస్తాను. కాగితం శనివారానికి రాసి ఇక్కడే పెడతా, తప్పులు చూడండి. సంతకాలకు ఎవరెవరు?

పుత్తూరు_కట్టు
నేను. ఈసారి తమాషాకు కాదు.

శేషాచలం_నడక
నేనూ.

పీలేరు_పెద్దాయన
వేలిముద్ర వెయ్యమన్నా వేస్తా.

స్టీరింగ్_చిత్తూరు
ఇప్పుడే పలమనేరు డ్రైవరుకు ఫోన్ చేసినా. ఆ రాత్రి నిద్ర లేచి వచ్చినోడు. ఆయన బండిలో కూడా వారం నుంచి డెఫ్ దీపం వెలుగుతా ఉందంట. వెంటనే బండి పక్కన పెట్టమని చెప్పినా. ఆదివారం ఇద్దరం కలిసి షెడ్డుకు వస్తాం మేస్త్రీ, ఆ కాగితం మీద సంతకం కూడా ఆడనే పెడతాడు.